గేమ్ కాపీ కొడితే కేసు పడుతుందా? టెట్రిస్ నుంచి పాల్‌వరల్డ్ దాకా కోర్టులు గీసిన గీత

పోయిన నెల మా తమ్ముడు వాట్సాప్‌లో ఒక ఏపీకే ఫైల్ పంపాడు. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. హాస్టల్ రూమ్‌లో కూర్చుని ఎనిమిది నెలలుగా యూనిటీలో ఒక గేమ్ చేస్తున్నాడు. "అన్నా, నీ దగ్గర రివ్యూకి వచ్చిన ఫోన్లు ఉంటాయి కదా, అన్నింట్లో వేసి చూడు. ఎక్కడ హ్యాంగ్ అవుతుందో చెప్పు" అన్నాడు.

వేసి చూశాను. పదివేల రూపాయల ఫోన్‌లో కూడా బాగానే నడిచింది. అడవిలో తిరుగుతూ వింత జంతువుల్ని వెతకాలి. ఒక బంతి విసిరి వాటిని పట్టుకోవాలి. తర్వాత వాటినే వేరే జంతువుల మీదకి పోరాటానికి దింపాలి. బంతి పై సగం ఎరుపు, కింది సగం తెలుపు. రెండు నిమిషాలు ఆడి ఫోన్ చేశాను. "ఇది పోకెమాన్ కదరా!"

"కాదన్నా, జంతువులన్నీ నేనే గీశాను. ప్లే స్టోర్‌లో పెడితే కేసు పడుతుందా?" అని అడిగాడు.

"పడదులే" అనబోయి ఆగిపోయాను. ప్రాసెసర్లు, బ్యాటరీల గురించైతే నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఇది మాత్రం నాకు సరిగ్గా తెలియదు. వాడి ఎనిమిది నెలల కష్టం కాబట్టి ఊరికే ఏదో ఒకటి చెప్పలేను. అందుకే రెండు వారాలు కూర్చుని అసలు కేసుల్లో ఏం జరిగిందో చదివాను. నేను లాయర్‌ని కాదు. కానీ గేమ్ ఆడేవాళ్ళు, చేసేవాళ్ళు తెలుసుకోవాల్సిన విషయం ఇందులో చాలా ఉంది.

ఐడియా అందరిదీ, సినిమా ఒకరిది

మనకి బాగా తెలిసిన సినిమాలతో మొదలుపెడదాం. హీరో వేరే ఊళ్ళో అమాయకుడిలా బతుకుతుంటాడు. ఇంటర్వెల్ దగ్గర అతను ఒకప్పటి ఫ్యాక్షన్ లీడర్ అని తెలుస్తుంది. ఈ లైన్‌తో మనం ఎన్ని సినిమాలు చూడలేదు? ఆ ఐడియా ఎవరి సొంతమూ కాదు. కానీ ఒక సినిమాలోని సీన్లు, డైలాగులు, పాత్రలు అదే వరసలో దించేస్తే అది కాపీ.

మన సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో ఇదే చెప్పింది. తన 'హమ్ హిందుస్తానీ' నాటకాన్ని కాపీ కొట్టి 'న్యూ ఢిల్లీ' సినిమా తీశారని ఆయన కేసు వేశారు, ఓడిపోయారు. ఐడియాకి, కథాంశానికి కాపీరైట్ ఉండదని కోర్టు తేల్చింది. రెండూ చూసిన మామూలు ప్రేక్షకుడికి ఇది దాని కాపీయే అని స్పష్టంగా అనిపిస్తేనే తప్పు అవుతుందని చెప్పింది.

గేమ్‌లకి వస్తే, నియమాలు, ఆడే పద్ధతి ఐడియా కిందకి వస్తాయి. బొమ్మలు, పాత్రలు, మ్యాప్‌లు, సంగీతం, రాసిన కోడ్, ఇవన్నీ ఆ ఐడియాకి ఇచ్చిన రూపం. కాపీరైట్ కాపాడేది రూపాన్నే. చెప్పడానికి చాలా సులువు. అసలు గొడవంతా నియమం ఎక్కడ ఆగింది, రూపం ఎక్కడ మొదలైంది అన్న దగ్గరే.

టెట్రిస్: నియమాలే తీసుకున్నాం అన్నా కుదరలేదు

2009లో ఐఫోన్‌కి 'మినో' అనే గేమ్ వచ్చింది. ఆడినవాళ్ళెవరైనా టెట్రిస్ అనే అంటారు. దాన్ని చేసిన చిన్న కంపెనీ కోర్టులో దాచింది కూడా ఏం లేదు. టెట్రిస్ చూసే చేశాం, కానీ కాపీరైట్ లేని నియమాలు మాత్రమే తీసుకున్నాం అని వాదించింది.

2012లో అమెరికాలోని న్యూజెర్సీ ఫెడరల్ కోర్టు తీర్పు ఇచ్చింది. నియమాలకి కాపీరైట్ లేదన్న మాటతో జడ్జి ఏకీభవించారు. పై నుంచి ముక్కలు పడాలి, వరస నిండితే మాయమవ్వాలి అన్నది ఎవరైనా వాడుకోవచ్చు. కానీ మినోలో ముక్కల ఆకారాలు, వాటి రంగుల తీరు, అడ్డం 10 గడులు నిలువు 20 గడుల బోర్డు, ముక్క ఎక్కడ పడుతుందో చూపించే నీడ, అన్నీ టెట్రిస్‌లో ఉన్నట్టే ఉన్నాయి. పక్కపక్కన పెడితే ఏది ఏదో చెప్పడం కష్టం. ముక్కలు పడే గేమ్ చేయడానికి ఇవన్నీ ఇలాగే ఉండాల్సిన అవసరం లేదు కదా అన్నది కోర్టు ప్రశ్న. 'డాక్టర్ మారియో'లో కూడా పై నుంచే పడతాయి, కానీ అవి మాత్రలు. చూడగానే వేరే గేమ్ అని తెలిసిపోతుంది.

అంటే "నేను నియమాలే తీసుకున్నాను" అని చెప్తే సరిపోదు. స్క్రీన్ మీద నిజంగా నియమాలు మాత్రమే ఒకేలా ఉండాలి.

కబడ్డీ లాజిక్

దీనికి రెండో వైపు కూడా ఉంది. మీరు కబడ్డీ గేమ్ చేశారనుకోండి. మధ్య గీత ఉంటుంది, కూత ఉంటుంది, పట్టు పట్టడం ఉంటుంది. ఇంకొకరు కబడ్డీ గేమ్ చేసినా ఇవే ఉంటాయి. అది కాపీ కాదు, కబడ్డీ అంటేనే అది.

1988లో అమెరికా అప్పీల్ కోర్టు కరాటే గేమ్‌ల విషయంలో ఇదే చెప్పింది. తమ 'కరాటే ఛాంప్'ని కాపీ కొట్టారని డేటా ఈస్ట్ అనే కంపెనీ ఎపిక్స్ కంపెనీ మీద కేసు వేసింది. తెల్ల బట్టలు, రిఫరీ, కిక్‌లు రెండింట్లోనూ ఉన్నాయి నిజమే, కానీ అవి కరాటేలోనే ఉన్నాయి కదా అని కోర్టు ఆ వాదనని కొట్టేసింది.

అసలు తమాషా ఆ తర్వాత జరిగింది. కొన్నేళ్ళకి అదే డేటా ఈస్ట్ 'ఫైటర్స్ హిస్టరీ' అనే ఫైటింగ్ గేమ్ తెచ్చింది. ఈసారి క్యాప్‌కామ్ వచ్చి, ఇది మా స్ట్రీట్ ఫైటర్ 2 కాపీ అని కేసు వేసింది. 1994లో కోర్టు కొన్ని పాత్రలు, కొన్ని దెబ్బలు పోలి ఉన్నాయని ఒప్పుకుంటూనే, గేమ్‌ని ఆపమనడానికి ఒప్పుకోలేదు. పంచ్‌లు, కిక్‌లు, మార్షల్ ఆర్ట్స్ యోధులు ఒక్క క్యాప్‌కామ్ సొత్తు కాదు అన్నమాట. తను ఓడిపోయిన వాదనతోనే డేటా ఈస్ట్ తర్వాత గట్టెక్కింది.

బొమ్మలు మార్చేస్తే సరిపోతుందా?

మా తమ్ముడి వాదన ఇదే కదా, "జంతువులన్నీ నేనే గీశాను". దీనికి దగ్గరగా ఉన్న కేసు 'ట్రిపుల్ టౌన్'. స్ప్రై ఫాక్స్ అనే చిన్న స్టూడియో చేసిన పజిల్ గేమ్ అది. మూడు గడ్డి మొక్కలు కలిస్తే పొద అవుతుంది, మూడు పొదలు కలిస్తే చెట్టు. అలా పెరుగుతూ ఊరు తయారవుతుంది. మధ్యలో ఎలుగుబంట్లు వచ్చి అడ్డుపడతాయి. తర్వాత 6వేవ్స్ కంపెనీ నుంచి 'యెతి టౌన్' వచ్చింది. ఎలుగుబంట్ల బదులు మంచు మనుషులు. మిగతా నడకంతా దాదాపు అదే.

స్ప్రై ఫాక్స్ 2012లో కేసు వేసింది. బొమ్మలు వేరు కదా, కేసు కొట్టేయండి అని 6వేవ్స్ అడిగింది. కోర్టు ఒప్పుకోలేదు. పాత్ర బొమ్మ మారినా, గేమ్‌లో అది చేసే పని, వస్తువులు ఒకదాని తర్వాత ఒకటి మారే వరస, మొత్తం మీద వచ్చే అనుభూతి, వీటన్నింటినీ కలిపి చూడాలి అన్నది. పైగా ఆ గేమ్‌ని పబ్లిష్ చేస్తామని మాటలు జరుగుతున్నప్పుడు, బయటికి రాకముందే 6వేవ్స్ దాన్ని చూసిందన్నది స్ప్రై ఫాక్స్ ఆరోపణ. చివరికి రాజీ కుదిరి, యెతి టౌన్ హక్కులు స్ప్రై ఫాక్స్‌కే వచ్చాయి.

ఈమధ్య పెద్ద కంపెనీల మధ్య కూడా ఇలాంటిదే జరిగింది. 2025 జూలైలో సోనీ తన 'హొరైజన్' గేమ్‌లని కాపీ కొట్టారని టెన్సెంట్ మీద కాలిఫోర్నియాలో కేసు వేసింది. టెన్సెంట్ ప్రకటించిన 'లైట్ ఆఫ్ మోటిరామ్'లో ఎర్ర జుట్టు హీరోయిన్, మరమనుషుల్లాంటి జంతువులు కనిపించాయి. హొరైజన్ పేరుతో గేమ్ చేస్తామని టెన్సెంట్ ముందే తమని అడిగిందని, తాము కాదన్నామని సోనీ కోర్టుకి చెప్పింది. డిసెంబర్‌లో రాజీ అయ్యింది, ఆ గేమ్ స్టోర్ల నుంచి మాయమైంది.

పబ్జీ, ఫ్రీ ఫైర్: మనం తప్పుగా అనుకున్నది

ఇక మన ఫోన్లలోకి వద్దాం. 100 మంది ఒక దీవిలో దిగడం, సేఫ్ జోన్ చిన్నదవుతూ రావడం, చివరికి ఒక్కరు మిగలడం, ఈ ఐడియా మాదే అని పబ్జీ అనలేదు, అన్నా నిలబడదు. 2000లో వచ్చిన జపాన్ సినిమా 'బ్యాటిల్ రాయల్' నుంచే ఆ పేరు, ఆ ఊహ వచ్చాయి. ఫోర్ట్‌నైట్ మీద 2018 జనవరిలో కొరియాలో కేసు వేసిన పబ్జీ కంపెనీ, జూన్‌లో తనే దాన్ని వెనక్కి తీసుకుంది.

అందుకే 2018 ఏప్రిల్‌లో నెట్‌ఈజ్ కంపెనీ మీద కేసు వేసినప్పుడు ('రూల్స్ ఆఫ్ సర్వైవల్', 'నైవ్స్ అవుట్' గుర్తున్నాయా?) చిన్న చిన్న వివరాల జాబితా పట్టుకెళ్ళింది. విమానం లోంచి దూకే ముందు ఆటగాళ్ళు వేచి ఉండే చోటు, ఎయిర్‌డ్రాప్ పెట్టె, ఆయుధంలా వాడే పెనం కూడా అందులో ఉన్నాయి. పెనం ఒక్కటే అయితే ఎవరైనా వాడుకోవచ్చు. ఇవన్నీ కలిపి ఎంచుకున్న తీరు మాది అన్నది వాళ్ళ వాదన. తీర్పు రాకుండానే 2019లో అది కూడా రాజీతో ముగిసింది.

2022 జనవరి 10న క్రాఫ్టన్ ఇదే తరహా వాదనతో గరేనా మీద అమెరికాలో కేసు వేసింది. ఫ్రీ ఫైర్, ఫ్రీ ఫైర్ మ్యాక్స్ రెండూ పబ్జీ కాపీలే అన్నది. స్టోర్లలో ఉంచినందుకు యాపిల్‌ని, గూగుల్‌ని కూడా ఆ కేసులో కలిపింది. నెల దాటాక, ఫిబ్రవరి 14న మన దేశంలో ఫ్రీ ఫైర్ బ్యాన్ అయ్యింది. "పబ్జీ వాళ్ళు కేసు గెలిచారు, అందుకే తీసేశారు" అని అప్పట్లో నా ఫ్రెండ్స్ గ్రూపుల్లో ఎన్ని మెసేజ్‌లు తిరిగాయో! నేనూ కొన్నాళ్ళు అలాగే అనుకున్నాను.

ఆ రెండింటికీ సంబంధం లేదు. ఫ్రీ ఫైర్‌ని మన కేంద్ర ప్రభుత్వం ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద, దేశ భద్రత కారణంగా 54 యాప్‌లలో ఒకటిగా ఆపింది. 2020 సెప్టెంబర్‌లో పబ్జీ మొబైల్‌ని ఆపింది కూడా ఆ సెక్షన్ కిందే. కాపీరైట్ వల్ల అయితే, కేసులో పేరున్న ఫ్రీ ఫైర్ మ్యాక్స్ కూడా పోవాలి కదా. అది ప్లే స్టోర్‌లో అలాగే ఉండిపోయింది, మనవాళ్ళంతా దానికి మారిపోయారు.

పాల్‌వరల్డ్: బొమ్మల గురించి కాదు, బంతి గురించి

మా తమ్ముడికి అసలు సమాధానం ఈ కేసులో ఉంది. 2024 జనవరి 19న టోక్యోలోని పాకెట్‌పెయిర్ అనే స్టూడియో పాల్‌వరల్డ్‌ని విడుదల చేసింది. తుపాకులు పట్టిన పోకెమాన్ అని అందరూ నవ్వుకున్నారు, అందరూ ఆడారు. స్టీమ్‌లో ఆరు రోజుల్లో 80 లక్షల కాపీలు అమ్ముడయ్యాయి. అందులోని 'పాల్స్' పోకెమాన్‌లని పోలి ఉన్నాయని ఇంటర్నెట్ అంతా ఫొటోలు పక్కపక్కన పెట్టి చూపించింది. ఇక కాపీరైట్ కేసు ఖాయం అనుకున్నారు.

సెప్టెంబర్ 18న నింటెండో, పోకెమాన్ కంపెనీ టోక్యో డిస్ట్రిక్ట్ కోర్టులో కేసు వేశాయి. కానీ కాపీరైట్ మీద కాదు, పేటెంట్ల మీద.

తేడా ఏంటంటే, కాపీరైట్ రూపాన్ని కాపాడుతుంది. పేటెంట్ పని చేసే పద్ధతినే కాపాడుతుంది. కాపీరైట్‌లో ఎవరికీ దక్కని 'నియమం', పేటెంట్ దారిలో ఒకరి సొంతం కావచ్చు. పాకెట్‌పెయిర్ బయటపెట్టిన వివరాల ప్రకారం మొత్తం మూడు పేటెంట్లు. వస్తువు విసిరి జీవిని పట్టుకోవడం లేదా పోరాటానికి దింపడం, గురి పెట్టినప్పుడు అది దొరికే అవకాశం ఎంతుందో చూపించడం, ఎక్కి తిరిగే జీవుల్ని మధ్యలో సాఫీగా మార్చడం. ఈ పేటెంట్ల మూలం 2021 డిసెంబర్ నాటిది. కానీ దాని నుంచి విడదీసి ఈ మూడింటికీ దరఖాస్తు చేసింది, రిజిస్టర్ అయ్యింది మాత్రం 2024లో, అంటే పాల్‌వరల్డ్ వచ్చాక. పాత తేదీ ప్రయోజనం పోకుండా ఇలా చేయడానికి పేటెంట్ చట్టంలో వీలుంది.

అడిగిన డబ్బు రెండు కంపెనీలకీ చెరో 50 లక్షల యెన్లు, దాని మీద ఆలస్యానికి రుసుము. కలిపితే మన లెక్కలో సుమారు 55 లక్షల రూపాయలు. అంత అమ్ముడైన గేమ్‌కి అది పెద్ద మొత్తం కాదు. అసలు దెబ్బ గేమ్‌ని ఆపమని అడగడంలో ఉంది. దాంతో పాకెట్‌పెయిర్ గేమ్‌నే మార్చుకుంది. 2024 నవంబర్ అప్‌డేట్‌లో బంతి విసిరి పాల్‌ని దింపడం తీసేసింది, ఇప్పుడు అది పక్కనే ప్రత్యక్షమవుతుంది. 2025 మేలో పాల్‌ని పట్టుకుని గాల్లో తేలడం పోయి, దానికి గ్లైడర్ కావాల్సి వచ్చింది. నేను పాత వెర్షన్, కొత్త వెర్షన్ రెండూ ఆడాను. గేమ్ పాడవలేదు, కానీ విసిరినప్పుడు ఉన్న ఆ మజా తగ్గింది.

నాకు భయం వేసింది ఇక్కడే. 40 ఏళ్ళుగా కోర్టులు "నియమాలు అందరివీ" అంటూ వచ్చాయి. ఆ తలుపు మూసి ఉందని చూసి పెద్ద కంపెనీలు పక్క తలుపు తట్టడం మొదలుపెట్టాయి.

మన దేశంలో అయితే?

మన పేటెంట్ల చట్టంలో సెక్షన్ 3 ఏవి ఆవిష్కరణలు కావో చెప్తుంది. అందులో 'ఎం' క్లాజు ప్రకారం, ఆట ఆడే పద్ధతి ఆవిష్కరణ కాదు. 'కె' క్లాజు ప్రకారం ఉత్త కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా కాదు. కాబట్టి జపాన్‌లో దొరికినంత తేలిగ్గా ఇలాంటి పేటెంట్ ఇక్కడ దొరకదు. పైగా జపాన్ పేటెంట్ జపాన్‌లోనే చెల్లుతుంది.

కానీ మూడో తాళం ఒకటి ఉంది, ట్రేడ్‌మార్క్. 'స్క్రాబ్యులస్' గుర్తుందా? కోల్‌కతాకి చెందిన అగర్వాలా సోదరులు చేసిన ఆన్‌లైన్ పదాల ఆట, ఫేస్‌బుక్‌లో ఒక ఊపు ఊపింది. స్క్రాబుల్ హక్కులున్న మాటెల్ కంపెనీ ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళింది. 2008 సెప్టెంబర్‌లో వచ్చిన మధ్యంతర ఉత్తర్వులో, బోర్డు మీద కాపీరైట్ వాదనని కోర్టు అంగీకరించలేదు. కానీ స్క్రాబ్యులస్ అన్న పేరు మాత్రం వాడొద్దంది. ఆట బతికింది, పేరు 'లెక్సులస్'గా మారింది.

తమ్ముడికి నేను చెప్పింది

ఆదివారం ఫోన్ చేసి వాడికి నాలుగు మాటలు చెప్పాను.

ఒకటి, జీవుల్ని పట్టుకుని పెంచి పోరాడించే ఐడియా వదులుకోనక్కర్లేదు. అది ఎవరిదీ కాదు.

రెండు, ఆ ఎరుపు తెలుపు బంతి ఈరోజే తీసెయ్. అది నియమం కాదు, అవతలివాళ్ళ గుర్తు. స్క్రీన్‌షాట్ చూసినవాళ్ళకి పోకెమాన్ గుర్తొచ్చే ప్రతిదీ వెతికి మార్చు. పేరు, ఐకాన్, రంగులు, వస్తువులు మారే వరస, అన్నీ.

మూడు, విసిరి పట్టుకోవడం ఇక్కడ పెద్ద సమస్య కాకపోవచ్చు. కానీ ప్లే కన్సోల్‌లో ఏ దేశాల్లో విడుదల చేయాలో నువ్వే ఎంచుకోవచ్చు. జపాన్‌ని పక్కన పెట్టు, లేదా పట్టుకునే పద్ధతే మార్చు.

నాలుగు, అసలు ప్రమాదం కోర్టు కాదు. పైన చెప్పిన కేసుల్లో ఎన్ని రాజీతో ముగిశాయో చూడు. తీర్పు దాకా వెళ్ళాలంటే డబ్బుండాలి. నీలాంటివాడి దాకా వచ్చేది స్టోర్ నుంచి ఒక మెయిల్, అంతే. ఫిర్యాదు రాగానే గేమ్ కిందకి దిగిపోతుంది, తప్పు లేదని చెప్పుకోవాల్సింది నువ్వే. అందుకే మొదటి రోజు నుంచి గీసిన స్కెచ్‌లు, పాత వెర్షన్లు తేదీలతో సహా దాచిపెట్టు.

వాడు కాసేపు ఏం మాట్లాడలేదు. బాధపడ్డాడేమో అనుకున్నాను. నిన్న రాత్రి కొత్త ఏపీకే వచ్చింది. బంతి లేదు. ఇప్పుడు ఆటగాడి చేతిలో పిల్లనగ్రోవి ఉంది. సరైన రాగం వాయిస్తే జంతువు దానంతట అదే దగ్గరికి వస్తుంది. రాగం తప్పితే పారిపోతుంది.

పాత వెర్షన్ రెండు నిమిషాలు ఆడి పక్కన పెట్టాను. ఇది గంటన్నర ఆడాను, ఫోన్ చార్జింగ్ 12 శాతానికి వచ్చాక ఆపాను.